దారి మీద దడ

తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రహదారి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ విమానాశ్రయం ఎంతో దూరం లేదు. 158 కిలోమీటర్ల ఈ దారిలో గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లలోనూ కొందరికి ఇలాంటి చోటే ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమర్చి స్టీరింగ్ జారుతుంది. ఊపిరాడదు, ప్రాణం పోతోందనిపిస్తుంది. ఈ సంచిక వాళ్ల కోసం, వాళ్ల పక్క సీట్లో కూర్చునేవాళ్ల కోసం.

దీన్నే పానిక్ అటాక్ అంటారు. ఇది పిరికితనం కాదు. ఆపదేమీ లేకపోయినా ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆపై తగ్గుముఖం పడుతుంది. అప్పుడు సడన్ బ్రేక్ వేయకండి. వేగం తగ్గించుకుంటూ ఎడమకు వచ్చి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, సర్వీసు రోడ్డులో భద్రమైన చోట ఆపండి. అంతదాకా పోలేమనిపిస్తే ఎడమ అంచున ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఊపిరి నిదానంగా వదలండి. పక్కనున్నవాళ్లు కసురుకోకుండా "నేనున్నాను, మెల్లగా పోదాం" అంటే ఎంతో బలం.

ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ముందు డాక్టరుకు చూపించాలి. గుండెజబ్బు కాదని తేలాక పానిక్ అటాక్‌కు కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఉన్నాయి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. భయపడి బండి నడపడమే మానేస్తే భయం ముదురుతుంది. తోడు పెట్టుకుని, తక్కువ దూరాలతో మళ్లీ మొదలుపెట్టండి. సిగ్గుపడకుండా ఇంట్లో చెప్పండి. ఇంట్లోవాళ్లూ, ఆ మాట శ్రద్ధగా వినండి.

— సంపాదకుడు