‘రేపట్నుంచి రాకు’ అంటే అయిపోయినట్టేనా?

పోస్ట్ కొంచెం పెద్దదే. పార్ట్‌టైమ్ పనికి పోయేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

చిలకలగూడ చుట్టుపక్కల హాస్టళ్లలో, రూముల్లో ఉండి చదువుకుంటున్న మనలో చాలామంది ఏదో ఒక పని చేస్తున్నాం. ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్, బట్టల షాపులు, గోడౌన్లలో ప్యాకింగ్. నెల నిండే టైముకి ‘రేపట్నుంచి రాకు’ అని ఫోన్ వస్తుంది. జీతం అడిగితే సూపర్‌వైజర్ కాంట్రాక్టర్‌ని చూపిస్తాడు, కాంట్రాక్టర్ ఓనర్‌ని చూపిస్తాడు. రెండుసార్లు తిరుగుతాం. మూడోసారి బస్సు చార్జీ దండగ అని ఊరుకుంటాం. మనం ఊరుకుంటామని వాళ్లకు ముందే తెలుసు. అందుకే తర్వాతి నెల ఇంకో హాస్టల్ పిల్లల్ని పనికి పిలుస్తారు.

మనకంటే ఎంతో బలం ఉన్నవాళ్లకు కూడా ఇది జరిగింది. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీలో సుమారు 48 వేల మంది సమ్మెకు దిగారు. చెప్పిన టైముకి డ్యూటీలో చేరనివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టే అని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. ‘సెల్ఫ్ డిస్మిస్’ అనే మాట అప్పుడే ఊరూరా తెలిసింది. ఒక్కొక్కరికి నోటీసు లేదు, విచారణ లేదు. సమ్మెకు ముందు పని చేసిన సెప్టెంబర్ జీతం కూడా ఆగిపోయింది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. 52 రోజుల తర్వాత, నవంబర్ 25న సమ్మె విరమించినా మర్నాడు డ్యూటీకి రానివ్వలేదు. 29న మళ్లీ తీసుకున్నారు. అదీ కోర్టు తీర్పుతో కాదు, ప్రభుత్వ నిర్ణయంతో.

ఇందులో మనకు పనికొచ్చేది ఏమిటంటే, నోటిమాటతో 48 వేల ఉద్యోగాలు పోలేదు. వాళ్లకు ఐడీ కార్డు ఉంది, జీతం చీటీ ఉంది, యూనియన్ ఉంది. మన దగ్గర ఈ మూడూ లేవు. చట్టం లేక కాదు, కాగితం లేక, తోడు లేక మనం ఓడిపోతున్నాం.

చట్టం ఏం చెబుతోందో చూడండి. పనిలోంచి తీసేస్తే రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే ఇవ్వాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే రాశారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం బాకీ జీతం కోసం మూడేళ్ల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయర్‌కి డబ్బుల్లేవని భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

‘ఆరు వేల కోసం ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు, చదువు పాడవుతుంది’ అని సీనియర్లు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. ఒక్కడే తిరిగితే చదువు పాడవుతుంది. నలుగురం వంతులేసుకుంటే పాడవదు. ఆ ఆరు వేలు మెస్ బిల్లు, పరీక్ష ఫీజు. మన ఇంట్లో ఎవరూ పంపలేని డబ్బు అది.

అందుకే మనం మూడు పనులు చేద్దాం. పనిలో చేరిన రోజే ఓనర్ పేరు, షాపు బోర్డు ఫోటో తీసి పెట్టుకుందాం. వెళ్లిన రోజులు, గంటలు రాసుకుందాం, వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే ఎంట్రీలు చెరపొద్దు. ఎవరికి జీతం ఆగినా ఈ గ్రూపులో పెడదాం, కనీసం ముగ్గురం కలిసి వెళ్దాం. ముందు ఓనర్ దగ్గరికి రాతపూర్వకంగా, తర్వాత లేబర్ ఆఫీసుకు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి కార్మిక భవన్ ముషీరాబాద్ దాటితే వస్తుంది, చిలకలగూడ నుంచి ఎంతో దూరం లేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ మనం అడిగేది పెట్టుబడి కాదు, దానం కాదు. చేసిన పనికి కూలి. ఎవరికైనా జీతం బాకీ ఉంటే కింద కామెంట్‌లో రాయండి. ఈ ఆదివారమే కూర్చుని దరఖాస్తు రాద్దాం.