కొండ ఎక్కే ముందు గుండెను అడగండి

చలికాలం మొదలైతే చాలు, శని, ఆదివారాల్లో భద్రాచలం దారిలో కార్ల వెనక గేరు సైకిళ్లు కట్టుకుని వెళ్లేవారు కనిపిస్తారు. ఎక్కువమంది 35 నుంచి 50 ఏళ్ల మధ్యవారు. ఉద్యోగం కుదురుకుంది, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఒంటి గురించి ఆలోచించే తీరిక ఇప్పుడు దొరికింది. చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలన్నది వారి సరదా. అది మంచి సరదా. నడివయసులో సైకిలు తొక్కే అలవాటు బీపీకి, షుగరుకు, నడుముకు, నిద్రకు, మనసుకు మేలు చేస్తుంది. మోకాళ్లపై పడే భారమూ పరుగుతో పోలిస్తే తక్కువ.

అయితే ఒక్క సంగతి చెప్పాలి. చదును రోడ్డు మీద సైకిలు వ్యాయామం. కొండ మీద అదే సైకిలు ఒక పరీక్ష. ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ మీద నడిపించేటప్పుడు పక్కన డాక్టరు ఉంటారు, ఈసీజీ కనిపిస్తుంటుంది, తేడా వస్తే మిషను ఆపేస్తారు. ఘాట్ రోడ్డు మీద ఇవేవీ ఉండవు. కాబట్టి ఆ పరీక్షకు ముందుగా సిద్ధపడి వెళ్లండి.

మన దగ్గరి కొండలు

ఫ్రాన్స్‌లో సైకిలు పందేలకు కొండలే ప్రాణం. ఆల్ప్ డ్యూయెజ్ కొండకు 21 మలుపులు. 1952లో టూర్ డి ఫ్రాన్స్ తొలిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఇటలీకి చెందిన ఫాస్టో కొప్పి గెలిచాడు. దాదాపు 14 కిలోమీటర్ల ఆ దారి సగటున ప్రతి 100 మీటర్లకు 8 మీటర్ల ఎత్తు లేస్తుంది.

మనకూ ఎక్కదగ్గ కొండలకు కొదవ లేదు. హైదరాబాద్ వారికి వికారాబాద్ అనంతగిరి చిన్న మోతాదు, మొదలుపెట్టడానికి సరైనది. విశాఖ వారికి కైలాసగిరి, సింహాచలం ఇంటి పక్కనే ఉన్నాయి. కాలు కుదిరాక అరకు ఘాట్, నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి ఉన్నాయి. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే, లంబసింగి సుమారు 1,000 మీటర్లు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు 1,200 మీటర్లకు పైనే. మా వైపు మారేడుమిల్లి ఘాట్ నీడ ఎక్కువున్న దారి, మలుపులూ ఎక్కువే.

నేను పనిచేసే చర్ల వైపు మాత్రం భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా గోదావరి పక్కనే 60 కిలోమీటర్ల వరకు సాగే దారి దాదాపు చదునుగా ఉంటుంది. కాలికి సాధన కావాలంటే ముందు ఇలాంటి దారే మంచిది. కొండ ఆ తర్వాత.

ఒక అపోహ కూడా తీర్చుకుందాం. ‘కొండ మీద ఆక్సిజన్ తగ్గుతుందట కదా’ అని చాలామంది అడుగుతారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. లడఖ్ వెళ్లేవారు దాని గురించి ఆలోచించాలి. మన కొండల మీద ఆయాసం వస్తే నెపం గాలి మీద వేయకండి. కారణం ఏటవాలు కావచ్చు, సాధన లేకపోవడం కావచ్చు, లేదా గుండె కావచ్చు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

చిన్న లెక్క చూద్దాం. మీ బరువు 70 కిలోలు. సైకిలు, నీళ్ల సీసాలు, సంచి కలిపి 15 కిలోలు. ఈ 85 కిలోలను 600 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి సుమారు 120 క్యాలరీల పని కావాలి. కానీ మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో మహా అయితే నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది. అంటే ఒళ్లు ఖర్చు పెట్టేది 480 క్యాలరీల పైమాటే. మిగిలిన మూడొంతులూ వేడిగా మారుతుంది.

చదును మీద వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. కొండ మీద మీ వేగం గంటకు 7, 8 కిలోమీటర్లే. గాలి తగలదు. పని ఎక్కువ, చల్లదనం తక్కువ. చలికాలంలో కూడా ఘాట్ ఎక్కేవారి చొక్కా తడిసి ముద్దయ్యేది అందుకే. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు తెలిసినవారికి ఏప్రిల్, మే నెలల్లో ఈ సాహసం వద్దని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక గుండె సంగతి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ఆక్సిజన్‌ను ఒకటి అనుకుంటే, చురుకైన నడకకు నాలుగింతలు కావాలి. 100 మీటర్లకు 6 మీటర్లు లేచే దారిలో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో తొక్కడానికి ఏడెనిమిది ఇంతలు కావాలి. అదీ రెండు నిమిషాలు కాదు, ఏకధాటిగా గంటో గంటన్నరో. రోజూ నడుస్తున్నాను కదా అనే ధీమా ఇక్కడ చాలదు.

ముందుగా ఎవరు చూపించుకోవాలి?

భారతీయులకు గుండె జబ్బు పాశ్చాత్యుల కంటే దాదాపు పదేళ్లు ముందే వస్తోంది. నలభైల్లో గుండెపోటుతో వచ్చేవారు మాకు ఇప్పుడు అరుదు కాదు. అందుకే 40 దాటినవారు, అంతకు ముందే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు మొదటి కొండకు ముందు ఒకసారి డాక్టరును కలవండి. బీపీ, షుగరు, ఈసీజీ చూస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్ష అందరికీ అక్కర్లేదు. ఎవరికి కావాలో మీ డాక్టరు చెబుతారు. పైబీపీ 180 లేదా కిందిబీపీ 110 దాటి ఉంటే అది అదుపులోకి వచ్చేదాకా కొండ ఊసు వద్దు.

షుగరుకు ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడుతున్నవారికి కొండ మీద షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. బయల్దేరే ముందు చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని కదలండి. జేబులో గ్లూకోజో చక్కెరో తప్పనిసరి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే దాన్ని అలసట అనుకోకుండా వెంటనే తీపి తీసుకోవాలి. ఈ సంగతి పక్కన తొక్కేవారికీ తెలియాలి. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్‌ను జేబులోనే ఉంచుకోండి, కారులో వదిలేయకండి.

డాక్టరు సరేనన్నాక ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. 2020లో స్పెయిన్ వైద్యులు చెప్పిన పద్ధతి ఇది. పరుగెత్తకుండా, ఆగకుండా 60 మెట్లు ఎక్కండి. నిమిషంలోపు ఎక్కగలిగితే గుండె సామర్థ్యం బాగున్నట్టే. నిమిషంన్నర దాటితే కొండ కాదు, ముందు మెట్లే మీ సాధన.

రెండు నెలల సాధన

మొదటి నాలుగు వారాలు చదును రోడ్డు మీదే తొక్కండి. రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు దీంతోనే పూర్తవుతాయి. తర్వాతి నాలుగు వారాలు చిన్న ఎత్తులు. ఊళ్లోని ఫ్లైఓవరు, చెరువు కట్ట ఎక్కే దారి, ఏదైనా సరే. వారానికి రెండు రోజులు నాలుగైదుసార్లు ఎక్కి దిగండి. ఆ తర్వాత చిన్న కొండ. మారేడుమిల్లి, అరకు చివరి మెట్టు.

ఎక్కేటప్పుడు ఎంత జోరు సరైనది? చేతికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. పక్కవాడితో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడగలిగితే సరైన జోరు. ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోతున్నారంటే ఎక్కువైంది, తగ్గించండి. వాచీ ఉన్నవారు 220 లోంచి వయసు తీసేసి వచ్చిన అంకెలో 70, 80 శాతం మధ్య నాడి ఉండేలా చూసుకోవచ్చు. 45 ఏళ్లవారికి అది 122 నుంచి 140. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారికి ఈ లెక్క కుదరదు. వారికి మాటల పరీక్షే మేలు.

మోకాళ్ల నొప్పికి ఎక్కువసార్లు కారణం కొండ కాదు, సీటు ఎత్తు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు మునివేళ్ల వెనక భాగంతో తొక్కుతుంటే మోకాలు కొద్దిగా వంగుతుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప వెనక నొప్పి ఖాయం. పెద్ద గేరులో బలంగా అదమడం కన్నా తేలిక గేరులో తరచుగా తిప్పడం మోకాళ్లకు మంచిది. గేరు లేని సైకిలైతే ఏటవాలు ఎక్కువైన చోట దిగి నెట్టుకుంటూ నడవండి. అందులో నామోషీ ఏమీ లేదు, నడకా వ్యాయామమే.

రెండు కిలోలు తేలికైన సైకిలు కోసం లక్ష రూపాయలు పెట్టేవారున్నారు. పొట్ట దగ్గర ఐదు కిలోలు తగ్గితే కొండకు అంతకు మించిన లాభం. దానికి పైసా ఖర్చు లేదు, పైగా షుగరూ దిగుతుంది.

ఎక్కాక దిగాలి

ఎక్కేటప్పుడు గుండెకు పరీక్ష, దిగేటప్పుడు ఎముకలకు. రెండు బ్రేకులూ వాడండి. అదే పనిగా పట్టి ఉంచకుండా నొక్కుతూ వదులుతూ రండి. బ్రేకును పట్టే ఉంచితే చక్రం అంచు వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. వేగాన్ని మలుపులో కాదు, మలుపుకు ముందే తగ్గించాలి. ఎడమ పక్కనే ఉండండి. ఎదురుగా వచ్చే లారీ మలుపు తిరగడానికి సగం రోడ్డు మీ వైపే వాడుకుంటుంది. హెల్మెట్ లేకుండా ఘాట్ దిగడమంటే తలను పందెం కాయడమే. వానాకాలంలో నాచు, రాళ్లు, జారిపడే కొండచరియలు ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. తడిసిన చొక్కాతో చల్లగాలిలో దిగితే వేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టు తప్పుతుంది. పైన కాసేపు ఆగి, పొడి చొక్కా తొడుక్కుని దిగండి.

అడవిలో ఆసుపత్రి దూరం

ఏజెన్సీలో పనిచేసే డాక్టరుగా ఇది గట్టిగా చెప్పాలి. నగరంలో గుండెపోటు వస్తే గంటలోపు పెద్దాసుపత్రికి చేరవచ్చు. ఘాట్ మీద కొన్నిచోట్ల ఫోను సిగ్నలే అందదు. 108 రావాలి, మలుపులు దిగాలి, క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఊరు చేరాలి. ఈలోపు గుండె కండరం నిమిషం నిమిషానికీ దెబ్బతింటుంది.

కాబట్టి ఒంటరిగా వెళ్లకండి. ఛాతీలో బరువు, మెడకో దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, చల్లని చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగిపోండి. ‘ఇంకో రెండు మలుపులే కదా’ అనుకోవద్దు. గ్యాస్ అని సోడా తాగి మళ్లీ ఎక్కొద్దు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం జబ్బు ఉన్నవారు తప్ప మిగతావారు 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగవచ్చు. సిగ్నలు లేకపోతే 108 కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా, వచ్చే మొదటి వాహనం ఆపి ఆసుపత్రి దారి పట్టాలి. రోగిని సైకిలు ఎక్కించకండి, నడిపించకండి.

రెండో సంగతి మలేరియా. మా అడవుల్లో అది ఇంకా ఉంది. రాత్రి బస చేసేవారు నిండు చేతుల చొక్కా, దోమతెర వాడండి. తిరిగి వెళ్లాక నెల లోపు జ్వరం వస్తే వైరల్ జ్వరమని వదిలేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట అడగకపోవడం, చెప్పకపోవడం వల్లే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

ఒక కోరిక

వ్యాయామం చేయండని ప్రజలకు చెప్పి ఊరుకుంటే సరిపోదు, చేసే చోటూ చూపాలి. అనంతగిరి, లంబసింగి, మారేడుమిల్లి వంటి దారుల్లో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలైనా కార్లు, బైకుల జోరు తగ్గించే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోని అధికారులు ఆలోచించాలి. చలికాలం వారాంతాల్లో ఘాట్ మొదట్లో ఒక 108 వాహనం నిలిపితే సైకిలువారికే కాదు, ఆ దారిన బస్సులో వెళ్లేవారికీ, కొండమీది గూడేల్లోని గర్భిణులకూ అక్కరకొస్తుంది. ఆ గూడేలవారికి సైకిలు సరదా కాదు, సంతకూ పనికీ వెళ్లే బండి. వారికి పనికొచ్చే ఏర్పాటు చేస్తే మీకూ పనికొస్తుంది.

మీరు మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. రేపు పొద్దున్నే చదును రోడ్డు మీద అరగంటతో మొదలుపెట్టండి. ఈ వారంలోనే బీపీ, షుగరు చూపించుకోండి. రెండు నెలలు గడిచాక కొండ అక్కడే ఉంటుంది. మీరూ అప్పటికి దానికి తగ్గట్టు తయారై ఉంటారు.