వెలుతురు చూడలేని కన్ను



మాఘ ఫాల్గుణ మాసములలో మా పలనాటికి వచ్చువారి కంటికి మొదట కనబడునది మిరపపండ్ల యెఱుపు. గురజాల మొదలు నరసరావుపేట వఱకు కల్లములన్నియు పండ్లతో నిండియుండును. ఆ యెండలో, ఆ ఘాటులో, దినమెల్ల కూర్చుండి తొడిమలు తీయువారు మన యాడువారే. ప్రొద్దు క్రుంకునప్పటికి వారి కన్నులు మండును, దీపమువంక చూడలేరు. కారపు మంటయే గదా, తెల్లవాఱునప్పటికి పోవునని యందురు. చాలమాఱులు పోవును. పోనప్పు డేమి జరుగునో మేము చూచితిమి గనుక ఈ మాసమున దానినే వ్రాయుచున్నాము.

మా యింటివారి బడిలో నేడవ తరగతి చదువు నొక బాలిక సెలవుదినమున తల్లివెంట మిరపకోతకు పోయినది. కొమ్మ కంటికి తగిలినది. మఱునాడు బడిలో కిటికీకడ కూర్చుండలేక మూలకు జరిగి, ఓణీ కొంగుతో కన్ను మూసికొని తలవంచుకొన్నదట. పాఠము చదువుటకు బద్ధకమని మావారు కోపపడిరి. సాయంకాలము తల్లి మా యింటికి వచ్చి, "అమ్మగారూ, పిల్ల ఎలుగు సూడలేకపోతా వుంది" అని చెప్పినది. చీకటిగదిలో పరుండబెట్టి తడిగుడ్డ వేయుమంటిమి. మేమును పెద్దలవలన విన్నమాటయే చెప్పితిమి. ఆ తప్పు మాది.

ఆమె మందులయంగడిలో నడిగి చుక్కలమందు కొని వేసినది. రెండు దినములు ఎఱుపు తగ్గినట్లే యుండెను. అయిదవనాడు నల్లగ్రుడ్డుమీద తెల్లని చుక్క కనబడెను. అప్పుడు భయపడి గుంటూరు తీసికొనిపోయితిమి. కొమ్మ గీచినచోట బూజు చేరినదనియు, అంగడిలో నిచ్చిన చుక్కలలో స్టిరాయిడు కలదనియు, అది నొప్పిని, ఎఱుపును అణచి బూజును మాత్రము పెంచినదనియు కంటివైద్యులు చెప్పిరి. నెలకు పైగా మందు వేసిన పిమ్మట కన్ను దక్కినది. కాని మచ్చ మిగిలినది. ఆ కంటితో చూచినప్పుడు అక్షరములు మంచులో నున్నట్లున్నవని పిల్ల యనును.

ఇంతకును వెలుతురు కంటినేల బాధించును? నల్లగ్రుడ్డుపైనుండు పలుచని పారదర్శకపు పొరలో నరములు మిక్కిలి దట్టముగా నుండును. అందుచేత చిన్న గీతయైనను పెద్ద నొప్పి. మఱియు వెలుతురు పడగానే కనుపాప ముడుచుకొనును. లోపల వాపున్నచో ఆ ముడుచుకొనుటయే పోటు పెట్టును. కాబట్టి వెలుతురు చూడలేకపోవుట తనంతట తానొక రోగము కాదు. ఏదో రోగమునకు గుఱుతు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను లెక్కించి, అవి కంటిలో నేభాగమున పుట్టునో విభజించిరి. నేటి వైద్యుడును మొదట నడుగునది అదియే: ఈ బాధ ఎచటిది?

కండ్లకలక, కంటిలో నలుసు, లోనికి తిరిగిన ఱెప్పవెండ్రుక, కంటితడి యాఱిపోవుట, ఇవి పైభాగపు కారణములు. లోపలి పొరల వాపు రెండవది. ఇందు ఎఱుపు, నొప్పి, చూపు మసకబాఱుట కూడియుండును. మూడవది తలకు సంబంధించినది. ఒంటితలనొప్పి గలవారికి కన్ను చక్కగానున్నను దీపము సహింపదు. జ్వరము, వాంతులు, మెడ బిగిసికొనుట వీనితో కూడ వెలుతురు సహింపనిచో అది మెదడుపొరల జ్వరము కావచ్చును. గడియయైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలయును. తట్టు పోసిన పిల్లలును వెలుతురునకు మొగము త్రిప్పుకొందురు. తట్టు వచ్చినప్పుడు విటమిను 'ఎ' శరీరమున తగ్గిపోయి నల్లగ్రుడ్డు చెడునపాయము గలదు గనుక ఆ మందు వైద్యుని యడిగి ఇప్పింపవలయును.

తల్లులకు మఱియొక మాట. చంటిబిడ్డ వెలుతురు చూచి మొగము దాచుకొనుచు, కంట నీరు కార్చుచు, కన్నులు నానాటికి పెద్దవగుచున్నచో, చేరెడు కన్నులని మురిసిపోవలదు. అది పుట్టుకతో వచ్చిన నీటికాసుల వ్యాధి కావచ్చును. మన ఆంధ్రదేశమున ఇంచుమించుగా 3,300 మంది శిశువులలో నొకరికి ఇది కలుగునని వైద్యులు లెక్క కట్టిరి. మేనఱికపు పెండ్లిండ్లవలన ఈ యపాయము హెచ్చును. తొలినాళ్లలోనే శస్త్రచికిత్స చేయించినచో చూపు నిలుచును. ఆలసించిన పోయిన చూపు తిరిగిరాదు.

ఇక చేయవలసినవి. పిడుగురాళ్ల ప్రాంతమున సున్నపుబట్టీలు మెండు. కంట సున్నము పడినచో నలుపవలదు. వెంటనే ఱెప్పలు విడదీసి మంచినీటిని ధారగా అరగంటసేపు పోసి, పిమ్మట వైద్యునికడకు పరుగెత్తవలయును. ఉల్లిరసము, చనుబాలు, ఆముదము కంటిలో పోయవలదు. మునుపటి చీటీతోను, ఇరుగుపొరుగువారి సలహాతోను చుక్కలమందు వేయవలదు. కల్లమునకు పోవునప్పుడు తలగుడ్డయు కంటియద్దములును పెట్టుకొని, కారపుచేతితో కన్ను ముట్టకుండుట మేలు. ఎండలో గొడుగును రంగుటద్దములును మంచివే; ఇంటిలోను నిత్యము నల్లద్దములు ధరించినచో కన్ను చీకటికి అలవడి మఱింత సుకుమారమగును. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు పిల్లలకు తఱచు పెట్టుడు; కూరలో కొంచెము నూనె యుండనిండు, విటమిను 'ఎ' కొవ్వుతోగాని ఒంటబట్టదు.

వెలుతురు సహింపనిదినమే, నొప్పితో ఎఱుపుగాని మసకగాని తోడైనచో, కంటివైద్యునికి చూపవలయును. మనకు దూరమున లేరు. గుంటూరు పెద్దాసుపత్రి యున్నది. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి యున్నది. 1987లో హైదరాబాదున మొదలైన ఎల్. వి. ప్రసాదు కంటి సంస్థ విజయవాడకడ తాడిగడపలోను వైద్యము చేయుచున్నది. ఒకదినపు కూలి పోవునని వెనుదీయుట సహజమే. కాని ఆ బాలిక తల్లి కూలి ఒకదినము గాక ముప్పదిదినములు పోయినది, కంటిమచ్చ పోలేదు.

ఇప్పుడు మావారు బడిలో ఏ పిల్లయైనను కిటికీనుండి జరిగి కూర్చున్నచో కోపపడరు. దగ్గఱకు పిలిచి కన్ను చూతురు. ఆ బాలిక ఎనిమిదవ తరగతికి వచ్చినది. మంచికన్నువైపునకు పుస్తకము ఒరగబెట్టుకొని చక్కగా చదువుచున్నది. మీ వీధిలో నెవరైన కొంగుతో కన్ను మూసికొని గోడవైపు తిరిగినచో, తడిగుడ్డ వేయుమని మావలె చెప్పక, వెంటబెట్టుకొని పొండు.