వాక్కాయ.. గట్టు మీద మేలు, పొలం నిండా అయితే ఆలోచించాలి

* కరవును తట్టుకునే ముళ్ల పొద.. కంచెగా, కాయగా రెండు ప్రయోజనాలు
* కొనేవారు ఖరారు కాకుండా తోట వేస్తే చిక్కులే

అనంతపురం: వేరుసెనగను నమ్ముకుని నష్టపోతున్న మెట్ట రైతుల ముందుకు ప్రత్యామ్నాయ పంటగా వాక్కాయ పేరు వస్తోంది. చేను గట్ల మీద ముళ్ల కంచెగా పెరిగి, వానాకాలంలో పప్పులోకి, పచ్చడిలోకి నాలుగు కాయలిచ్చే ఈ పొదను కొందరు రైతులు తోటగానూ వేస్తున్నారు. నీరు లేకున్నా బతుకుతుంది, తెగుళ్లు తక్కువ, పశువులు ముట్టవు అన్న ప్రచారం రైతులను ఆకర్షిస్తోంది. ఈ మాటల్లో చాలా వరకు నిజం ఉంది. అయితే మొక్క బతకడం వేరు, రైతును బతికించడం వేరు. ఈ తేడా గుర్తించకుండా ఎకరాల కొద్దీ నాటితే చేతులు కాలే ప్రమాదం ఉంది.

కరవు నేలకు దీటైన పొద

2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఉమ్మడి జిల్లాలో సాధారణ వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అదీ సకాలంలో కురవదు. ఇటువంటి చోట వాక్కాయకు సహజమైన అనుకూలత ఉంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ పొద రాతి నేలల్లో, చవుడు నేలల్లో సైతం నిలదొక్కుకుంటుంది. వేళ్లూనుకున్న తర్వాత ఎండలకు తట్టుకుంటుంది. దీనికి సరిపడనిది ఒక్కటే.. నీటి నిల్వ. మురుగు పోని నల్లరేగడి పల్లాల్లో వేర్లు కుళ్లి మొక్క చనిపోతుంది. గుట్టల్లో దొరికే చిన్న కలే పండ్ల చెట్టు దీనికి దగ్గరి బంధువే.

పెంపకం ఇలా

వాక్కాయను ప్రధానంగా విత్తనాలతోనే పెంచుతారు. పండిన కాయల నుంచి తీసిన గింజలను ఆలస్యం చేయకుండా వెంటనే నాటాలి. నిల్వ ఉంచితే మొలక శక్తి వేగంగా తగ్గుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సంచుల్లో వేసిన నారు మరుసటి ఏడాది తొలకరికి నాటడానికి సిద్ధమవుతుంది. విత్తనపు మొక్కల్లో కాయ పరిమాణం, రంగు, కాపు ఒకేలా ఉండవు. అందువల్ల తోట వేయదలచినవారు అంట్లు గానీ, పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ, కొంకణ్ బోల్డ్ వంటి గుర్తింపు పొందిన రకాల మొక్కలు గానీ ఎంచుకోవడం మేలు.

తోటగా అయితే మొక్కకు మొక్కకు రెండు నుంచి మూడు మీటర్లు, కంచెగా అయితే మీటరు లేదా అంతకన్నా తక్కువ ఎడం ఉంచాలి. గుంతలో పది కిలోల వరకు పశువుల ఎరువు వేసి, జూన్, జులైలో నాటాలి. మొదటి రెండు వేసవుల్లో అప్పుడప్పుడు తడి ఇవ్వాలి. లేత మొక్కలను మేకల నుంచి కాపాడుకోవాలి. మూడో ఏడాది నుంచి కాపు మొదలవుతుంది. వేసవి ముందు తెల్లని సువాసన గల పూలు పూసి, వానాకాలంలో కాయలు కోతకు వస్తాయి.

కంచె కావాలా? కాయ కావాలా?

రైతులు తరచూ పొరబడేది కత్తిరింపుల విషయంలోనే. వాక్కాయ పూలు కొమ్మల చివర్లలో వస్తాయి. కంచె ఒత్తుగా, చక్కగా ఉండాలని శీతకాలంలో కొమ్మలు కత్తిరిస్తే ఆ ఏడాది కాయలకు నీళ్లు వదులుకోవలసిందే. కోత ముగిసిన వెంటనే, సెప్టెంబరులో కత్తిరింపు చేస్తే కొత్త చిగుళ్లు ముదిరి పూతకు అందుతాయి.

అడవి పందుల బెడద ఉన్న గ్రామాల్లో కంచెగా దీని విలువ మరింత ఎక్కువ. పంట కాపలాకు తీగలు కట్టి కరెంటు పెట్టడం, తెలియక తాకి మనుషులు, పశువులు ప్రాణాలు కోల్పోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ జరుగుతున్నదే. అది చట్టరీత్యా నేరం కూడా. వాక్కాయను రెండు వరుసల్లో, ఒక వరుస మొక్కల సందుకు ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా నాటితే మూడు, నాలుగేళ్లలో ముళ్ల గోడ తయారవుతుంది. అడుగున ఖాళీలు లేకుండా చూసుకోవాలి. అయినా పందులను ఇది పూర్తిగా ఆపుతుందని చెప్పలేం. కానీ ఎవరి ప్రాణమూ తీయని కంచె ఇది.

చెర్రీ ముసుగులో వాక్కాయ

బేకరీల్లో కేకుల మీద, బన్నుల్లో, కిళ్లీల్లో కనిపించే ఎర్రని ‘చెర్రీ’ చాలా సందర్భాల్లో వాక్కాయే. గింజ తీసి, చక్కెర పాకంలో ఊరబెట్టి, రంగు అద్దితే చెర్రీగా చెలామణి అవుతుంది. కాయలో పెక్టిన్ ఎక్కువగా ఉండటంతో జెల్లీకీ అనువుగా ఉంటుంది. ఊరగాయ సరేసరి. అయితే ఇళ్లలో వాడకం పరిమితం. పెద్ద మొత్తంలో కొనేది చెర్రీ తయారీదారులు, వారికి సరకు చేర్చే దళారులే. కొనేవారు కొద్దిమంది అయినప్పుడు ధర వారి చేతిలోనే ఉంటుంది.

పైగా కాయ ఎక్కువ కాలం ఆగదు. పక్వానికి వచ్చిన పచ్చికాయ వారం రోజులు నిలిస్తే, పండినది రెండు మూడు రోజులకే మెత్తబడుతుంది. ఒకేసారి కోతకు రాదు గనుక మూడు, నాలుగు విడతలు కోయాలి. ముళ్లు, చేతికంటే పాల వల్ల కూలీలు వెనుకంజ వేస్తారు. ధర పడిపోయిన ఏడాది కోత కూలి కూడా గిట్టదు.

లెక్క వేసుకుంటే..

చదరంగా ఉన్న ఐదెకరాల పొలం చుట్టుకొలత సుమారు 570 మీటర్లు. మీటరుకో మొక్క చొప్పున గట్టు మీద 570 మొక్కలు పడతాయి. కత్తిరింపులు పోను మొక్కకు రెండు కిలోలే అనుకున్నా టన్నుకు పైగా కాయ చేతికొస్తుంది. లోపల కంది, వేరుసెనగ, కొర్ర యథాప్రకారం సాగుతాయి. ధర లేకపోయినా కంచె మిగులుతుంది. అదే ఐదెకరాల్లో మూడు మీటర్ల ఎడంతో తోట వేస్తే 2,200కు పైగా మొక్కలు. మొక్కకు నాలుగు కిలోల చొప్పున తొమ్మిది టన్నులు. ఇంత సరకును వారాల వ్యవధిలో అమ్ముకోవాలి. కొనుగోలుదారు ముఖం చాటేస్తే ఆ ఏడాది రైతుకు మిగిలేది ముళ్లే.

చేయాల్సిందేమిటి?

తొలుత గట్లపై నాటి, కాయ నాణ్యత, స్థానిక గిరాకీ చూసుకుని విస్తీర్ణం పెంచడం సన్నకారు రైతుకు క్షేమం. తోట వేసేవారు నాటే ముందే కొనుగోలుదారుతో లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలి. నాలుగైదు గ్రామాల రైతులు సంఘంగా ఏర్పడి గింజ తీసి, ఉప్పునీటిలో నిల్వ చేసే ఏర్పాటు చేసుకుంటే దళారి చెప్పిన రోజునే అమ్మవలసిన అగత్యం తప్పుతుంది. మొక్కలు పంచడంతోనే బాధ్యత తీరిందనుకోకుండా, కాయకు దారి చూపడంపైనా ఉద్యాన శాఖ దృష్టి సారించాలి. కరవు నేలలో వాక్కాయ తన పని తాను చేసుకుపోతుంది. సమస్యంతా కాయ కోసిన తర్వాతే.