డిస్కు ఎగరేసే ప్రమాద హెచ్చరిక

తుపాను కబురు రాగానే విశాఖలో ఎవరి నోటైనా వచ్చే మొదటి ప్రశ్న- 'పోర్టులో ఎన్నో నంబరు ఎగరేశారు?' ఒకటి అంటే ముప్పు ఇంకా దూరాన ఉందని, పది అంటే నెత్తి మీదికి వచ్చిందని అందరికీ ఓ అంచనా. కానీ ఆ నంబర్లను కాస్త జాగ్రత్తగా చదవాలి. ఒకటి, రెండు దూరాన సముద్రంలో ఉన్న వాయుగుండం లేదా తుపాను గురించి చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలివాన ముప్పుందంటాయి. అయిదు, ఆరు, ఏడు నంబర్ల మధ్య తేడా తీవ్రతలో లేదు, తుపాను రేవుకి ఏ పక్కగా వెళ్తుందన్న దాంట్లో ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, కాకపోతే అవి తీవ్ర తుపానుకి సంబంధించినవి. ఆపైన పదకొండు కూడా ఉంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దానర్థం!

అంటే, అంకె పెద్దదా చిన్నదా అని చూస్తే చాలదు. అది దేని గురించి చెబుతోందో తెలియాలి. ఆఫీసు మూలన ఏళ్ల తరబడి గుయ్యిమంటూ తిరిగే సర్వర్‌లోని హార్డ్‌డిస్కు కూడా అచ్చం ఇలాగే నంబర్లు ఎగరేస్తుంటుంది. చూసేవాళ్లే తక్కువ.

పోర్టు పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులు, ఉక్కునగరానికి విడిభాగాలు చేసిచ్చే ఆటోనగర్ వర్క్‌షాపులు, బడులు, డయాగ్నస్టిక్ సెంటర్లు... ఇలాంటి చోట్ల ఏ ఆరేడేళ్ల కిందటో కొన్న ఓ సర్వర్ ఉంటుంది. ఉద్యోగుల జీతాలు, పాత బిల్లులు, పన్ను లెక్కలు, పిల్లల మార్కులు అన్నీ అందులోనే. పనిచేస్తోంది కదా అని ఎవరూ దాని జోలికి వెళ్లరు. పనిచేయని రోజున మాత్రం ఆఫీసంతా దాని చుట్టూనే ఉంటుంది. ఆ రోజు రాకముందే డిస్కు ఆరోగ్యాన్ని చదవడం ఎలాగో చూద్దాం. ఇంట్లో పెళ్లి ఫొటోలు దాచుకున్న పాత కంప్యూటర్‌కీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

డిస్కు రాసుకునే డైరీ

హార్డ్‌డిస్కు తన బాగోగుల్ని తానే లెక్కపెట్టుకుంటుంది. ఆ ఏర్పాటు పేరు 'స్మార్ట్'. 1992లో ఐబీఎం తన డిస్కుల్లో ముందస్తు హెచ్చరిక పద్ధతిని ప్రవేశపెట్టింది. కాంపాక్ సంస్థ, కొందరు డిస్కు తయారీదార్లు కలిసి మరోటి రూపొందించారు. వాటి నుంచే 1995 ప్రాంతంలో అందరూ ఒప్పుకున్న ఈ పద్ధతి పుట్టింది. ఇప్పుడు మీరు కొనే ఏ డిస్కులోనైనా ఇది ఉంటుంది.

ఈ డైరీని చదవడానికి విండోస్‌లో 'క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో', లినక్స్‌లో 'స్మార్ట్‌మాన్‌టూల్స్' ఉన్నాయి. రెండూ ఉచితమే. ఒక్క మాట- సర్వర్‌లో రెండు మూడు డిస్కుల్ని కలిపి నడిపే రెయిడ్ కార్డు ఉంటే, కంప్యూటర్‌కి విడివిడి డిస్కులు కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ కార్డు కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే చూడాలి. ఎలాగో సర్వర్ అమ్మినవారిని అడగండి.

మార్కులు వేరు, లెక్క వేరు

రిపోర్టు తెరవగానే పాతిక ముప్ఫై వరసలు, ఒక్కో వరసలో నాలుగైదు అంకెలు కనిపిస్తాయి. కంగారు పడొద్దు. 'కరెంట్' లేదా 'వాల్యూ' అన్నది పరీక్షలో మార్కుల్లాంటిది. సాధారణంగా 100తోనో 200తోనో మొదలై, డిస్కు పాడయ్యేకొద్దీ తగ్గుతుంది. 'వరస్ట్' అంటే ఇప్పటిదాకా వచ్చిన అతి తక్కువ మార్కు. 'త్రెషోల్డ్' అంటే పాసు మార్కు. చివర ఉండే 'రా వాల్యూ' అసలు లెక్క.

చిక్కంతా ఇక్కడే ఉంది. మార్కు పాసు మార్కుకి పైనున్నంత కాలం స్మార్ట్ పరీక్ష ఫలితం 'పాస్‌డ్' అనే వస్తుంది. ఆ పాసు మార్కుని నిర్ణయించేది డిస్కు తయారుచేసిన కంపెనీయే. ముప్ఫై అయిదు మార్కులతో గట్టెక్కిన పిల్లాడు కూడా పాసైనట్టే కదా! కాబట్టి ఆ ఒక్క మాట చూసి రిపోర్టు మూసేయకండి. రా వాల్యూ దాకా వెళ్లండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఈ గడిని మామూలుగా పదహారు అంకెల పద్ధతిలో చూపిస్తారు. అందులో '2బీ' అని ఉంటే 43 అన్నమాట. సెట్టింగుల్లోకి వెళ్లి మనకి అలవాటైన దశాంశ పద్ధతికి మార్చుకుంటే సుఖం.

చూడాల్సినవి అయిదే

అన్ని వరసలూ చదవక్కర్లేదు. వాటికి నంబర్లుంటాయి. 5, 187, 188, 197, 198... ఈ అయిదింటినీ వెతకండి. వేలాది డిస్కులు నడిపే అమెరికన్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ తన డేటా సెంటర్లలో నమ్ముకున్నవీ ఇవే.

డిస్కుని ఓ లెక్కల పుస్తకం అనుకోండి. ఏదైనా గడి చెరిగిపోయి రాయడానికి పనికిరాకపోతే, చివర్లో ఉంచుకున్న ఖాళీ గడుల్లో ఒకటి దానికి బదులుగా వాడుకుంటుంది. అలా ఎన్ని గడులు మార్చిందో చెప్పేది 5. చదవబోతే అర్థంకాక, 'తర్వాత చూద్దాం' అని పక్కనపెట్టిన గడులెన్నో చెప్పేది 197. డిస్కు తీరిగ్గా తనని తాను తనిఖీ చేసుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి 198. ఎంత ప్రయత్నించినా చదవలేక చేతులెత్తేసిన సందర్భాలు 187. అడిగిన పనికి సమయానికి జవాబివ్వకపోవడం 188. అన్ని డిస్కుల్లోనూ ఈ అయిదూ ఉండవు. ఉన్నంతవరకు చూస్తే చాలు.

వీటిలో 197, 198 మీద ఎక్కువ కన్నుండాలి. 5లో ఉన్నవి ఇప్పటికే పక్కకి తప్పించిన గడులు. 197లో ఉన్నవి మాత్రం మీ లెక్కలు రాసి ఉండీ ఇప్పుడు చదవడానికి రాని గడులు కావచ్చు. పోయేది డిస్కు కాదు, మీ డేటా.

భయపెట్టే అంకెలు, భయం లేని అంకెలు

కొన్ని అంకెలు చూస్తే గుండె గుభేల్మంటుంది. సీగేట్ డిస్కుల్లో 1, 7 నంబర్ల వరసల్లో కోట్లలో కనిపిస్తుంది. అవన్నీ తప్పులు కావు. ఆ కంపెనీ ఎన్నిసార్లు చదివింది, ఎన్నిసార్లు కదిలిందన్నది కూడా అందులోనే కలిపి రాస్తుంది.

199 ఇంకో రకం. డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య ప్రయాణంలో డేటా చెడిందని దానర్థం. చాలాసార్లు కారణం కేబులే. కేబుల్ మార్చి, గట్టిగా బిగించి, అంకె అక్కడే ఆగిందో లేదో చూడండి. ఒకసారి పెరిగిన అంకె మళ్లీ సున్నాకి రాదు. ఆగిందా లేదా అన్నదే ముఖ్యం.

9వ నంబరు డిస్కు వయసు. ఎన్ని గంటలు పనిచేసిందో చెబుతుంది. ఏడాదికి 8,760 గంటలు. 61,320 అని ఉంటే ఏడేళ్లు ఆగకుండా తిరిగిందన్నమాట. సర్వర్ డిస్కులకి మామూలుగా ఇచ్చే వారంటీ 5 ఏళ్లు. వయసొక్కటే జబ్బు కాదు గానీ, వయసు మీరిన మనిషికి జ్వరమొస్తే తాత్సారం చేయంగా! ఇదీ అంతే.

ఒక్క రిపోర్టు చాలదు

రెండు డిస్కుల సంగతి చూద్దాం. రెండింట్లోనూ 5వ నంబరు దగ్గర 8 ఉంది. మొదటి దాంట్లో రెండేళ్లుగా ఆ ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది. రెండో దాంట్లో పోయిన నెల సున్నా, పోయిన వారం 2, ఇవాళ 8. అంకె ఒకటే, కథలు వేరు. మొదటిది పాత గాయం మచ్చ. రెండోది పాకుతున్న పుండు. అందుకే రిపోర్టుని ఒకసారి చూసి వదిలేయకుండా, నెలకోసారి తేదీ వేసి ఓ నోటుపుస్తకంలో ఆ అయిదు అంకెలూ రాసిపెట్టుకోండి. తుపాను ఎక్కడుందన్న దానికన్నా ఎటు కదులుతోందన్నదే కదా ముఖ్యం.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి 2007లో ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. తనిఖీలో మొదటి లోపం బయటపడిన డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, ఏ లోపం లేని డిస్కుకన్నా 39 రెట్లు ఎక్కువని తేల్చారు. మొదటిసారి గడి మార్చుకున్న డిస్కుకి అది 14 రెట్లు.

అదే పత్రంలో రెండో మాటా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, గట్టి హెచ్చరికలుగా వాళ్లు భావించిన నాలుగు లెక్కల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. బ్యాక్‌బ్లేజ్ 2016లో ప్రకటించిన లెక్క కాస్త మెరుగు. అయినా, చెడిన డిస్కుల్లో 23.3 శాతం పైన చెప్పిన అయిదింటిలో దేన్నీ చూపలేదు. అంటే చెడ్డ రిపోర్టుని నమ్మాలి. మంచి రిపోర్టుని మాత్రం పూర్తిగా నమ్మకూడదు. ఈ పేజీలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటుంటే అది ఇదే.

ఉప్పుగాలి ఊళ్లో

ఇనుప గేటుకి ఏడాదికోసారి రంగు వేయకపోతే ఏమవుతుందో విశాఖవాసులకి చెప్పక్కర్లేదు. డిస్కులకి వేడి ఒక్కటే శత్రువని చాలామంది అనుకుంటారు. 2016లో మైక్రోసాఫ్ట్‌కి చెందిన తొమ్మిది డేటా సెంటర్లని పరిశీలించిన పరిశోధకులు మాత్రం వేడికన్నా గాలిలో తేమ ప్రభావమే ఎక్కువని గుర్తించారు. ముఖ్యంగా డిస్కుని నడిపే సర్క్యూట్లు, కనెక్షన్లు దెబ్బతింటున్నాయని తేలింది. కాబట్టి కిటికీ పక్కన, నేల మీద సర్వర్ పెట్టొద్దు. పోర్టుకి దగ్గరుండే పాతనగరంలోనైతే ధూళి కూడా తోడవుతుంది. ఫ్యాన్లు, జాలీలు తరచూ శుభ్రం చేయించాలి.

కరెంటు సంగతి మరోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. యూపీఎస్ నిలబెట్టేది నిమిషాలో, మహా అయితే గంటలో. ఏళ్లుగా ఆగకుండా తిరిగిన ముసలి డిస్కు ఒకసారి చల్లారితే మళ్లీ తిరగకుండా మొరాయించవచ్చు. అందుకే తుపాను హెచ్చరిక రాగానే బ్యాకప్ తీసుకుని, ఆ తర్వాతే సర్వర్‌ని పద్ధతిగా ఆపేయండి.

మీ డిస్కు ఎన్నో నంబరు?

అయిదు లెక్కలూ సున్నా, వయసు మాత్రం అయిదేళ్లు దాటింది. ఇది దూరపు హెచ్చరిక. బ్యాకప్ సరిచూసుకుని, కొత్త డిస్కుకి బడ్జెట్‌లో చోటివ్వండి.

5లో కొద్దిపాటి అంకె, నెలలుగా కదల్లేదు. కొత్త డిస్కు తెప్పించి బీరువాలో పెట్టుకోండి. వారానికోసారి రిపోర్టు చూడండి.

5 పెరుగుతోంది, లేదా 187, 197, 198లో సున్నా కానిది కనిపించింది. ఇక ఆలోచన వద్దు. ఆ రోజే ముఖ్యమైన ఫైళ్లు ముందు, మిగతావి తర్వాత కాపీ చేయండి. కాపీ పూర్తయ్యేదాకా డీఫ్రాగ్ లాంటివి, రిపేరు చేస్తామనే ప్రోగ్రాములు నడపొద్దు. ఉన్న కాస్త ఊపిరీ వాటికే ఖర్చయిపోతుంది.

అసలు రిపోర్టే రావట్లేదు, డిస్కు టిక్కుటిక్కుమంటోంది. ఇది పదకొండో నంబరు. ఆపి ఆన్ చేస్తూ ప్రయోగాలు చేయొద్దు. బ్యాకప్ ఉంటే డిస్కు మార్చేయండి. లేకపోతే అలాగే ఆపేసి, డేటా రికవరీ చేసేవారి దగ్గరికి తీసుకెళ్లండి. ఖర్చు ఎక్కువ, హామీ తక్కువ.

'మాకు రెయిడ్ ఉంది, భయం లేదు' అనేవారికో మాట. ఆ రెండు డిస్కులూ ఒకే రోజు కొన్నవి, ఒకే వేడిలో, ఒకే తేమలో పెరిగినవి. ఒకటి మంచం పడితే రెండోదీ అదే వయసులో ఉంటుంది. పైగా పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. రెయిడ్ ఆఫీసు పని ఆగకుండా చూస్తుంది, బ్యాకప్ మాత్రం కాదు.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఇది అందరూ చెప్పే పాత సూత్రమే. విశాఖలో ఆ 'వేరే చోట' అంటే పక్క వీధి కాదు, మరో ఊరో, ఇంటర్నెట్‌లోని క్లౌడో కావాలి. అదే గాలి రెండు వీధుల్నీ తాకుతుంది. తీసిన బ్యాకప్‌లోంచి మూడు నెలలకోసారి ఏదో ఒక ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

జెండా ఎగరేసినంత మాత్రాన పడవలు వాటంతటవి ఒడ్డుకి రావు. ఎవరో ఒకరు తాడు పట్టి లాగాలి. మీ ఆఫీసులో ఆ పని ఎవరిదో రేపు సోమవారమే తేల్చేయండి. ఓ పేరు రాసి సర్వర్ మీద అంటించండి. పక్కనే ఆ నోటుపుస్తకం, ఓ పెన్ను పెట్టడం మరిచిపోకండి.