జెండా ఎగిరితే చాలదు

మా ఊళ్ళో జెండా దిమ్మె ఉంది, కమిటీ ఉంది, రశీదు పుస్తకమూ ఉంది. కాని మూడు నెలలుగా మీటింగు లేదు. నాట్ల కూలి రేటు మేం నలుగురు మగవాళ్ళం ఆఫీసులో కూర్చుని ఖాయం చేశాం. చేలోకి పోయి చెబితే ఆడకూలీలు నిలదీశారు: "నడుం వంచేది మేము, రేటు కట్టేది మీరా?" మా దగ్గర జవాబు లేదు.

1930ల్లో జైలునుంచి వచ్చిన సుందరయ్యగారు భూస్వామి ఇంట పుట్టి కూడా, సొంత ఊరు అలగానిపాడులోనే వెట్టికి ఎదురుగా కూలీలను కూడగట్టారు. మనం కూలీల ఇళ్ళలోనే పుట్టి, కూలీలను అడగడం మరిచాం. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. అయినా నేటికీ ఆడవాళ్ళకు తక్కువ కూలి ఇచ్చే ఊళ్ళున్నాయంటే తప్పు ఆసాములది మాత్రమేనా? మన కమిటీలకు పాలు లేదా?

కామ్రేడ్స్! నెలకోసారైనా కమిటీ పేటలో కూర్చోవాలి, అదీ జనం పనినుంచి వచ్చి అన్నాలు తిన్నాక. చందాల లెక్క అందరిముందు చదవాలి. కమిటీలో సగంమంది ఆడకూలీలుండాలి. ముసలమ్మ పింఛను కాగితం, శ్మశానం దారి, తాగునీటి కుళాయి ఇవన్నీ కమిటీ పనులే. సమ్మెనాడు జనం మన వెంట రావాలంటే, తక్కిన రోజుల్లో మనం జనం దగ్గరికి పోవాలి.