మందు ఒక్కరికే ఇస్తే చాలదు

మూత్రం పోసేటప్పుడు మంట పుడితే మన పల్లెల్లో మొదట వినిపించే మాట "వేడి చేసింది" అని. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ పట్టిస్తారు. నాలుగు రోజుల్లో మంట తగ్గితే ఆ సంగతి అక్కడితో సరి. నిజంగా వేడే అయితే పేచీ లేదు. కాని కారణం క్లమీడియా అనే సూక్ష్మక్రిమి అయినప్పుడు తగ్గేది మంటే గాని రోగం కాదు.

లైంగిక సంపర్కం వల్ల సోకే ఈ వ్యాధి అరుదైనదేమీ కాదు. 2020లో ప్రపంచంలో 15-49 ఏళ్ల వారిలో సుమారు 12.9 కోట్ల కొత్త కేసులని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మగవారికి మూత్రమార్గం నుంచి పల్చని స్రావం, మంట, ఒక్కోసారి వృషణాల్లో నొప్పి, వాపు వస్తాయి. ఆడవారికి తెల్లబట్ట ఎక్కువ కావడం, కలయిక తర్వాత రక్తం కనబడటం, పొత్తికడుపు నొప్పి. అయితే ఎక్కువమంది ఆడవారికి ఏ బాధా తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. క్రిమి చప్పుడు లేకుండా గర్భసంచి దాటి అండవాహికలకు పాకుతుంది. నాళాలు దెబ్బతింటే కొందరికి గర్భం అక్కడే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. మరికొందరికి పిల్లలే పుట్టరు. అప్పుడు గొడ్రాలన్న మాట పడేది ఆమె. అన్నిసార్లూ కాకపోయినా, చాలాసార్లు ఆ రోగం ఇంటికి తెచ్చినవాడు మాత్రం అరుగు మీద కూర్చుని రెండో సంబంధం గురించి మంతనాలాడుతుంటాడు. దీన్నే మనవాళ్లు సుఖవ్యాధి అన్నారు. ఎవరి సుఖమో ఆ పేరు పెట్టినవారే చెప్పాలి.

మందు కష్టమైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. వారం రోజులు, రోజుకు రెండుసార్లు డాక్సీసైక్లిన్. గర్భిణులకు అది పనికిరాదు గనుక అజిత్రోమైసిన్ ఇస్తారు. డాక్టరు చెప్పినట్టు పూర్తిగా వాడితే నయమవుతుంది. ఈ క్రిమిని పట్టే పరీక్ష చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండదు కాబట్టి లక్షణాలు చూసి మందు ఇవ్వడమే ఆనవాయితీ. ఈ పద్ధతిలో బాధ ఉన్న భర్తకు మందు అందుతుంది. ఏ బాధా లేని భార్య లెక్కలోకే రాదు. అతడు నయమై ఇంటికి వెళ్లి మళ్లీ తెచ్చుకుంటాడు, మందు పనిచేయలేదని డాక్టరును తిడతాడు.

చీటీ మీద "భార్యను తీసుకురావలెను" అని రాసి ఊరుకుంటే ఎవరూ తీసుకురారు. రానివారికి కూడా, గర్భం లేదని, మందు పడని బాధ లేదని అడిగి తెలుసుకుని, రెండో కోర్సు అప్పుడే చేతికివ్వాలి. సుఖవ్యాధుల గది అని పెద్ద బోర్డు పెట్టి ఆసుపత్రిలో ఒక మూలన ఉంచడం మాని, స్త్రీల ఓపీ పక్కనే చూడాలి. కూలికి వెళ్లేవారి కోసం వారానికి ఒకరోజైనా సాయంత్రం తెరవాలి. మందు మింగే ఆ వారం రోజులూ ఇద్దరూ దూరంగా ఉండాలన్న సంగతి భర్తకు డాక్టరో నర్సమ్మో చెప్పాలి. భార్య నోట చెప్పించవద్దు.